డ్రోసెరా కోసం అనుమతి: నా అనుభవం

డ్రోసెరా ఇండికా పురుగులను పట్టి తినే చిన్న మొక్క, ఏకవార్షికం. ఈశాన్య రుతుపవనాల వానలకు నీరూరే గడ్డినేలల్లో మొలిచి, ఎండలు ముదిరేలోపే విత్తనాలు రాల్చి ఎండిపోతుంది. అందుకే ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో దీన్ని పరిశీలించి, కొద్ది నమూనాలు సేకరించడానికి కోరిన అనుమతి ఆలస్యమయ్యేకొద్దీ నా ప్రాణం కొట్టుకుపోయింది. నిన్న ఆ కాగితం చేతికి వచ్చింది.

గైడుగారి లేఖ, కళాశాల సంతకాలు ఒక్క పూటలో అయిపోయాయి.

ఆ తరువాత తిరుపతిలో ఒక కార్యాలయంలో గుమాస్తాగారు నా దరఖాస్తును అందరికీ వినిపించేలా చదివి, "ఏమ్మా, చెట్టుకు నోరుంటాదా, పురుగుల్ని తినేదానికి?" అన్నారు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నత్రజని చాలని నేలలో పెరుగుతుంది కనుక ఆకుల మీది ఎర్రటి కేశాల కొనల్లో జిగురు ఊరించి, అంటుకున్న పురుగును జీర్ణరసాలతో కరిగించి పోషకాలు పీల్చుకుంటుందని వివరించాను. సన్నని ఆకుకు రెక్క అంటుకుపోయి, కాళ్ళు విదిలిస్తున్న చిన్న దోమ ఫోటోను ఫోనులో చూపించాను. ఆయన దానివైపు కన్నెత్తి చూడకుండా, కొండల్లోకి పోవాలనేవాళ్ళంతా ఏదో ఒక మొక్క పేరే చెబుతారని, అసలు పని ఎర్రచందనమని అంటూ నా సంచి విప్పించారు. అందులో భూతద్దం, పాత వార్తాపత్రికలు, టిఫిను డబ్బా ఉన్నాయి. ఎర్రచందనం దొంగల మీద నిఘా ఉండవలసిందే; కానీ స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే పేరు పెట్టిన ఒక చిన్న మొక్క గురించి చదువుకునే ఆడపిల్లను నలుగురిలో దొంగలా నిలబెట్టడం అధికారం కాదు, అహంకారం.

మీరు వెళితే శాస్త్రీయ నామంతో పాటు మొక్క ఫోటో, ఎన్ని నమూనాలు కావాలో రాసిన వివరం జతచేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ శాస్త్రీయ పరిశోధన కోసం ప్రవేశానికి అనుమతి ఇవ్వవచ్చని చెబుతుంది. ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. దరఖాస్తు అందినట్టు కార్యాలయం వేసే ఇన్‌వార్డు నంబరు వేయించుకోకుండా మాత్రం గుమ్మం దాటకండి, ఎందుకంటే "మీ కాగితమే రాలేదు" అన్న మాటకు ఆ అంకె ఒక్కటే సమాధానం.

అనుమతి దొరికాక ఈ మొక్కను నేరుగా వార్తాపత్రికలో పెట్టి అదిమితే జిగురుకు ఆకులు అంటుకుపోయి, తీసేటప్పుడు చిరుగుతాయి. రెండు వైపులా బటర్ పేపరు పరచాలి. పువ్వు రంగు ఆరాక నిలవదు కాబట్టి, అక్కడే నోటుపుస్తకంలో రాసుకుని హెర్బేరియం షీటు (ఎండిన మొక్కను అంటించి భద్రపరిచే అట్ట) చీటీలోకి ఎక్కించాలి.