నాన్న బొటనవేలు, నా బత్తాయి రసం

మొన్న వేసవిలో నాన్న కాలి బొటనవేలు ఎర్రగా వాచింది. దుప్పటి అంచు తగిలినా అబ్బా అనేవారు. వాపుకి పళ్ళరసం మంచిదని విని, రోజూ పొద్దున్నే నాలుగు బత్తాయిలు పిండి, చెంచాడు పంచదార కలిపి ఇచ్చాను. "నీ చేత్తో ఇస్తే హాయిగా ఉందమ్మా" అంటూ చివరి చుక్కదాకా తాగేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రెండు వారాలకి రెండో కాలూ వాచింది. రక్తపరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 9 దాటింది. గౌట్ అన్నారు డాక్టరుగారు, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్ళలో పేరుకోవడం వల్ల వచ్చే వాపు. పళ్ళలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర కాలేయంలో ఖర్చయ్యేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుందట. ఒక కాయ తొనలు నమిలి తింటే పీచుతో పాటు మెల్లగా ఒంటబడుతుంది. నాలుగు కాయల రసం మాత్రం రెండు గుక్కల్లో దిగిపోతుంది, పీచంతా వడగట్టులోనే ఉండిపోతుంది.

దానిమ్మలో, చెర్రీలో వాపును తగ్గించే గుణమున్న పదార్థాలు ఉన్నమాట నిజమే. అనాసలో బ్రోమెలైన్ అనే అలాంటి పదార్థం కూడా ఉంది, కానీ ఎక్కువగా మనం పారేసే కాండంలో. ఏ పండైనా మందుతో పాటే తప్ప మందుకి బదులు కాదు. షుగరున్నవాళ్ళయితే మరీ జాగ్రత్త, దయచేసి ముందు డాక్టర్ని అడగండి.

ఇప్పుడు నాన్న మాత్రలు వేసుకుంటున్నారు, నీళ్ళు బాగా తాగుతున్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను ఒలిచిచ్చిన బత్తాయి తొనలు ఒక్కొక్కటే తింటారు. నిన్న చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచొచ్చారు.