అక్కడైతే తిండి దొరుకుద్ది గదా!

మొన్న తెలిసినాయన ఇంటికి వెళ్తే, గేటు దగ్గర ఎప్పుడూ మొరుగుతూ ఉండే కుక్క కనపడలేదు. ఏదీ అంటే ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. "మైపాడు బీచ్‌లో వదిలేసొచ్చినాం అన్నా. ఇంట్లో ఆడోళ్లు చెయ్యలేకపోతా ఉండారు. అక్కడైతే చేపలు దొరుకుతాయి, యాడో ఒకచోట బతుకుద్దిలే."

ఈ మాట వినడం నాకు కొత్త కాదు, చోటు మారుతుందంతే. ఒకరు చేపల మార్కెట్ అంటారు, ఒకరు హైవే మీద దాబా అంటారు, ఇంకొకరు గుడి దగ్గరైతే ఎవరో ఒకరు ప్రసాదం పెడతారు కదా అంటారు. గమనించారో లేదో, ఎవరూ తమ వీధి చివర వదలరు. అక్కడ వదిలితే సాయంత్రానికల్లా తోక ఊపుకుంటూ ఇంటికొచ్చేస్తుంది మరి. దారి కనుక్కోలేనంత దూరం తీసుకెళ్లి వదలాలి, ఆ దూరాన్ని ఎలాగోలా సమర్థించుకోవాలి, అందుకే ఈ తిండి కబుర్లు.

ఇంట్లో పెరిగిన కుక్కకు బయట తిండి సంపాదించుకోవడం రాదండీ. టైముకు గిన్నెలో పడే పెరుగన్నమే దానికి తెలిసిన లోకం. వీధి కుక్కలకు వాటి హద్దులు వాటికుంటాయి, కొత్తదాన్ని అంత తేలిగ్గా రానివ్వవు. కావలి దాటాక హైవే పక్కన టీకి ఆగినప్పుడు ఒక లాబ్రడార్‌ను చూశాను. మెడ చుట్టూ బెల్టు ఒరుసుకున్న మేర బొచ్చు ఊడిపోయి ఉంది, బెల్టు మాత్రం లేదు, అంటే విప్పి మరీ వదిలారన్నమాట. కారు ఆగినప్పుడల్లా లేచి కుంటుకుంటూ వెళ్తోంది, అదీ డ్రైవరు వైపు కాదు, వెనక డోరు వైపు. డోరు తీయగానే తల లోపలికి పెట్టి సీటు వాసన చూడటం, వాళ్లు అదిలిస్తే వెనక్కి తగ్గి ఇంకో కారు కోసం కూర్చోవడం. లారీలొచ్చినా బైకులొచ్చినా కదల్లేదు. కుర్రాడు ఎంగిలి ఎముకలు పడేస్తే అక్కడి కుక్కలు గుర్రుమన్నాయి, ఇది పక్కకు తప్పుకుంది. "పండగ ముందు దించిపోయినారు సార్, బిస్కెట్ ప్యాకెట్ కూడా కొనిపెట్టి పోయినారు" అన్నాడు ఆ కుర్రాడు. ఆ బిస్కెట్ ప్యాకెట్ కొన్న మనిషి మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎవరూ ఒక్క రోజులో వదిలెయ్యరు, అది కూడా నిజం. ముందు హాల్లో సోఫా మీద ఉంటుంది. కాస్త పెరిగి బొచ్చు రాలడం మొదలైతే వరండాలోకి వెళ్తుంది. తర్వాత మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో గొలుసు. కట్టేసి ఉంచితే అది అరుస్తుంది, అరిస్తే పక్కింటివాళ్లు గొడవకొస్తారు, గొడవైతే కారు తీస్తారు. నన్నడిగితే, మేడ మీదికి చేరిన రోజే సగం వదిలేసినట్టు లెక్క.

మన నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఇంకో వరస ఉంది. అబ్బాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఫ్రెండ్‌తో చెన్నై వెళ్లి లాబ్రడార్ పిల్లను తెస్తాడు. ఫోటోలు, పేరు పెట్టడాలు, పుట్టినరోజు కేకులు, అంతా బానే ఉంటుంది. తర్వాత బెంగళూరులో ఉద్యోగం, ఆ తర్వాత అమెరికా. లాబ్ పది పన్నెండేళ్లు బతుకుతుంది, ముప్పై కేజీల పైన తూగుతుంది, పిల్లి కనపడితే చెయ్యి ఊడేలా లాగుతుంది. మా వీధిలో ఒక పెద్దావిడ, మోకాళ్ల నొప్పులున్న మనిషి, మే నెలలో ఎండెక్కకముందే తిప్పాలని తెల్లవారుజామున ఐదింటికే దాన్ని పట్టుకుని గోడవారగా నడుస్తుంటుంది. కొడుకు వీడియో కాల్ చేసి "అమ్మా, కెమెరా వాడి వైపు తిప్పు" అంటాడు. డబ్బులు పంపుతాడు, చెడ్డవాడేం కాదు. కానీ తిప్పడానికి మనిషిని పెడదామంటే దొరకడం లేదు, దొరికినా నిలవడం లేదు. ఆవిడ దాన్ని ఎక్కడా వదిలిపెట్టదు, ఆ నమ్మకం నాకుంది. అన్ని ఇళ్లలోనూ అలాంటి మనిషి ఉండదు కదా. ఇక మన రోహిణి కార్తెలో మంచు దేశాల కుక్క హస్కీని పెంచేవాళ్ల గురించి నేనేం రాయను, వాళ్లను ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంటకు ఉన్ని కోటు తొడుక్కుని ట్రంకు రోడ్డులో నడవమనండి.

ఆడ కుక్కపిల్లల సంగతి వేరే చెప్పాలి. ఈతలో పుట్టిన మగపిల్లల్ని అడిగి మరీ తీసుకెళ్తారు, ఆడవి మిగిలిపోతాయి, కళ్లు తెరిచీ తెరవకముందే గోనెసంచిలో ఏ మార్కెట్ వెనకో తేలతాయి. బతికిన ఒక్కటి ఏడాది తిరక్కుండానే ఎదకొస్తుంది, చూలు కట్టిన రెండు నెలలకు ఈనుతుంది. మళ్లీ మనమే వీధి కుక్కలు పెరిగిపోయాయని మున్సిపాలిటీని తిడతాం. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం మున్సిపాలిటీవాళ్లు వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా చేసి మామూలుగా పట్టిన చోటే వదలాలి. వాళ్లు ఒక పక్క ఆపరేషన్లు చేస్తుంటే మనం ఇంకో పక్క ఆపరేషన్ కానివాటిని తెచ్చి దించుతుంటే ఆ లెక్క ఎప్పటికి తేలుతుంది? దించినదానికి టీకా లేకపోతే అది ఇంకా పెద్ద టెన్షన్. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేనట్టే.

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 11వ సెక్షన్. ఆకలికి, దాహానికి మాడిపోయేలా జంతువును వదిలెయ్యడం నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతనుకున్నారు? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇప్పుడు హోటల్లో కారం దోసె తిని టీ తాగితే అంతకంటే ఎక్కువవుతుంది. దశాబ్దాలుగా ఆ అంకె మారకపోతే ఎవరు భయపడతారు చెప్పండి.

కుక్కల దాకా ఎందుకు, మన ఒంగోలు గిత్త సంగతే చూడండి. ఇక్కడినుంచి వెళ్లిన పశువుల సంతతిని బ్రెజిల్‌లో నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారు, అక్కడి మందల్లో ఎక్కువ భాగం అవే. ఇక్కడ మనం బండలాగుడు పోటీల్లో ఈలలు వేస్తాం, బొమ్మలు పెట్టుకుంటాం. ట్రాక్టర్లు వచ్చాక పొలంలో పనిలేని కోడెదూడను మాత్రం రాత్రిపూట రోడ్డెక్కించే రైతులు ఉన్నారు. రైతుది మేత ఖర్చు, కరువు, అప్పు, ఆ బాధ నాకర్థమవుతుంది, దాన్ని కారులో వెళ్లి బిస్కెట్ ప్యాకెట్ పెట్టొచ్చినవాడితో కలిపి కొట్టలేను.

నిజంగానే పెంచలేని పరిస్థితి వస్తుంది, కాదనను. జబ్బులొస్తాయి, ఉద్యోగాలు పోతాయి. అప్పుడైనా ఒకటి రెండు నెలల ముందు నుంచే వెతకాలి. ఆపరేషన్ చేయించి, టీకాల కార్డు చేతిలో పెట్టి ఇస్తే తీసుకునేవాళ్లు దొరుకుతారు, ముఖ్యంగా తోటలు, రొయ్యల చెరువులు ఉన్నవాళ్లు. అయితే వాళ్లింటికి వెళ్లి చూసి ఇవ్వండి, చెరువు గట్టున గొలుసేసి కట్టేసే ఇల్లయితే వద్దు. ఖర్చు అంటారా, రేబిస్ టీకా అయితే ఏటా జులై 6న, జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు, ముందుగా కనుక్కుని వెళ్లండి.

ఇల్లు మారుతున్నాం, అక్కడ ఒప్పుకోరు అనేది ఇంకో కారణం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు పెట్టి చేతులెత్తించి కుక్కల్ని నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో మార్గదర్శకాలు ఇచ్చింది. అద్దె ఇంటి ఓనరు సంగతి వేరు, ఆయన అగ్రిమెంటులో రాయిస్తే మీరు వాదించి లాభం లేదు. అందుకే అడ్వాన్సు ఇచ్చేముందే అడగాలి. బోరు నీళ్లు వస్తాయా, బైకు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగే నోటితోనే ఇదీ అడగొచ్చు.

కుక్కపిల్ల ఎక్కడైనా దొరుకుతుందా అని నాకు మెసేజ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎనిమిది వారాలు నిండనిదాన్ని అమ్మకూడదని రూలు ఉంది, కాబట్టి చేతిలో ఇమిడేంత బుజ్జిది కావాలని అడక్కండి. దానికంటే ముందు, సంక్రాంతికి మీరంతా ఊరెళ్తే కుక్కను ఎవరు చూసుకుంటారో ఆ మనిషి ఫోన్ నంబరు పంపండి. ఆయనతో మాట్లాడాక మీకు ఫోన్ చేస్తాను.