పెద్దమ్మ అడిగిన ఎండ ప్రశ్న

మొన్న ఆదివారం చిత్తూరు పోతే, ల్యాబ్‌లో ఏం చేస్తా ఉండావురా అని పెద్దమ్మ అడిగింది. వెలుగు పడితేనే పనిచేసే కేన్సర్ మందుల మీద అన్నాను. "వెలుగే అయితే మన తిరుపతి ఎండ చాల్దా?" అనేసింది.

నవ్వాను గానీ, 1900 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థికి ఈ సంగతి తగిలింది కూడా అలాగే. అక్రిడిన్ అనే రంగులో పారమీసియంలనే ఏకకణ జీవులు ఎంతసేపటికి చస్తాయో చూస్తుంటే, అదే మోతాదుకి ఒక్కోరోజు ఒక్కో లెక్క వచ్చేది. తేడా గదిలో పడే వెలుగుదట. నాకైతే రాబ్ అంత అదృష్టం లేదు. ఏప్రిల్‌లో పోర్ఫిరిన్ అనే వెలుగు మందు సీసాకి ఫాయిల్ చుట్టడం మరిచి కిటికీ దగ్గర పెట్టేసి భోజనానికి పోయాను, సాయంత్రానికి నేరేడు రంగు కాస్తా కడిగిన నీళ్లలా అయిపోయింది, రెండు వారాల పని గోవిందా.

మందు వెలుగుని మింగి, పక్కనున్న ఆక్సిజన్‌కి గంగమ్మ జాతరలో లాగా పూనకం తెప్పిస్తుంది. ఆ పూనకం ఉండేది మైక్రోసెకన్లే, అందుకే చేతికందినంత దూరంలో ఉన్నదాన్నే పాడుచేస్తుంది. కాబట్టి మందు ఎక్కడ కూర్చుందన్నదే అసలు విషయం. డీఎన్ఏ బీరువాలోని ఒరిజినల్ దస్తావేజైతే ఆర్ఎన్ఏ దాని జిరాక్స్, ప్రోటీన్ తయారయ్యేది ఆ జిరాక్స్ చూసే. కేన్సర్‌తో సంబంధమున్న ఎన్‌రాస్ అనే జన్యువు జిరాక్స్‌లో, మొదట్లోనే, గ్వానిన్ అనే అక్షరాలు గుమిగూడినచోట నాలుగు పేటల ముడి పడుతుంది. పోర్ఫిరిన్ అణువు చదునుగా ఉంటుంది కాబట్టి ఆ ముడి మీద పలకలా కూర్చోగలదు, పైగా పూనకం పట్టిన ఆక్సిజన్‌కి ఆర్ఎన్ఏ అక్షరాలన్నిటిలో తేలిగ్గా దొరికేది గ్వానినే. వినడానికి భలే ఉంటుంది. కానీ అలాంటి ముడులు డీఎన్ఏలోనూ ఉన్నాయి, మందు ఏ ముడి మీద కూర్చుందో తేల్చడమే తలనొప్పి. ఈ ఆర్ఎన్ఏ కథ ఇంకా ల్యాబుల్లోనే ఉంది.

ఆర్ఎన్ఏ సంగతి పక్కనపెడితే, వెలుగు మందులు ఆసుపత్రుల్లోకి ఎప్పుడో వచ్చాయి. అన్నవాహిక కేన్సర్‌కి ఫోటోఫ్రిన్ అనే పోర్ఫిరిన్ మందుని అమెరికాలో 1995లోనే అనుమతించారు. గొంతులోంచి సన్నటి ఫైబర్ దించి, 630 నానోమీటర్ల ఎర్ర వెలుగు వేస్తారు.

రాత్రి ఫోన్‌లో పెద్దమ్మకి ఇదంతా చెప్తే, అక్కడ కరెంటు పోయిందట, ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూసుకుంది. "ఎర్రగా ఈ పక్కకి వస్తా ఉందే, పైనుంచి వేస్తే పొట్టలోకి పోదా?" కంటికి కనబడటం వేరు పెద్దమ్మా, పని జరిగేంత వెలుగు సెంటీమీటరు లోతు దాటడమే కష్టం అన్నాను. ఎండ ఎందుకు పనికిరాదో కూడా చెప్పాను: మందు చర్మంలోనూ మిగిలిపోతుంది, కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు, తగిలితే ఒళ్లు కాలిపోతుంది.

"మే నెల్లో చేయించుకుంటే సరి," అంది. "ఎట్లా ఎవురూ బయటికి పోరు కదా ఈడ."