కాటన్ చీరలో కాటన్ అడ్జెక్టివేనా?

ఇంగ్లిష్ గ్రామర్‌లో నాకు బాగా ఇష్టమైన పాఠం అడ్జెక్టివ్. పిల్లలకి తేలిగ్గా అనిపించేదీ అదే. "నౌన్ గురించి చెప్పేది అడ్జెక్టివ్" అని ఒక్క ముక్క బట్టీ పడితే అయిపోయిందనుకుంటారు. ఆ ముక్క ఎంతో దూరం నడవదు.

మాది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, రాట్నం మీద సన్నటి నూలు వడికే ఇళ్ళ నుంచి పిల్లలు నా దగ్గరికి ట్యూషన్‌కి వస్తారు. అందుకే నా ఉదాహరణల్లో బట్టలు ఎక్కువ. మొన్న బోర్డు మీద "ఎ సాఫ్ట్ శారీ", "ఎ కాటన్ శారీ" అని రాసి అడ్జెక్టివ్ ఏదని అడిగాను. రెండూ అన్నారు అందరూ. ఒక అమ్మాయి మాత్రం, "టీచర్, కాటన్ అంటే పత్తి కదా, అది నౌన్ కాదా?" అంది.

ఎంత మంచి ప్రశ్నో! రెండూ చీర ముందే ఉన్నాయి, రెండూ చీర గురించే చెబుతున్నాయి. కానీ ముందు "వెరీ" పెట్టి చూడండి. వెరీ సాఫ్ట్ శారీ అనొచ్చు. వెరీ కాటన్ శారీ అనం. సాఫ్టర్ ఉంది, కాటనర్ లేదు. అంటే కాటన్ నౌనే, ఇంకో నౌన్ ముందు నిలబడి అది ఏ రకమో చెబుతోంది. స్కూల్ బస్ కూడా ఇంతే. కొన్ని గైడ్లలో వీటినీ అడ్జెక్టివ్ అనే రాస్తారు. నాకది నచ్చదు, పిల్ల సరిగ్గా ఆలోచించిన చోటే తప్పు పట్టినట్టవుతుంది.

పని జరిగిన తీరు చెప్పే అడ్వర్బ్ నుంచి అడ్జెక్టివ్‌ని విడదీయడానికి "వెరీ" పనికిరాదు, ఎందుకంటే వెరీ స్లోలీ అని కూడా అంటాం. అక్కడ "సీమ్స్" పెట్టి చూడాలి. "ది బస్ సీమ్స్ స్లో" కుదురుతుంది, "సీమ్స్ స్లోలీ" కుదరదు.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ అడ్వర్బ్ దగ్గరే. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. తెలుగులో "అందమైన చీర" అంటాం, "చీర అందంగా ఉంది" అంటాం, "అందంగా నేసింది" అంటాం. చీర ముందు "ఐన", మిగతా రెండు చోట్లా "గా". ఇంగ్లిష్‌లో గీత వేరేచోట పడుతుంది. చీర ముందున్నా, "ఈజ్" తర్వాత ఉన్నా బ్యూటిఫుల్ ఒక్కటే. నేసిన తీరు చెప్పేటప్పుడే బ్యూటిఫులీ. కానీ "గా" వినపడగానే పిల్లలు చివర "లీ" తగిలించి "ది శారీ ఈజ్ బ్యూటిఫులీ" అని రాసేస్తారు. లుక్, టేస్ట్, స్మెల్ లాంటివి కూడా చాలాసార్లు "ఈజ్" వరసలోకే వస్తాయి. "ది కర్రీ స్మెల్స్ గుడ్" అన్నప్పుడు కూర దేన్నీ వాసన చూడటం లేదు కదా, కూర ఎలా ఉందో చెబుతున్నాం. "ది కుక్ స్మెల్డ్ ది కర్రీ కేర్‌ఫులీ" అంటే మాత్రం వంటాయన వాసన చూసిన తీరు. పోనీ "లీ"ని చూసి పోల్చుకుందామా అంటే ఫ్రెండ్లీ, కాస్ట్లీ అడ్జెక్టివ్‌లే.

వెర్బ్ సంగతి సులువు. "ది యార్న్ ఈజ్ డ్రై", "దే డ్రై ది యార్న్". రెండింటినీ నిన్నటికి మార్చమంటాను. రెండోదాంట్లో డ్రై "డ్రైడ్" అవుతుంది. మొదటిదాంట్లో ఈజ్ వాజ్ అవుతుంది, డ్రై మాత్రం కదలదు. కాలంతో మారింది వెర్బ్, మారనిది అడ్జెక్టివ్.

ఈ పరీక్షలన్నిటికీ లొంగనివీ ఉన్నాయి. మెయిన్ రోడ్‌లో మెయిన్ అడ్జెక్టివే, కానీ "వెరీ మెయిన్" అనం, "ది రోడ్ ఈజ్ మెయిన్" అనీ అనం. అలాంటప్పుడు టెన్షన్ పడకుండా డిక్షనరీ తీయమంటాను. పిల్లలు అర్థం చూసి మూసేస్తారు, పక్కన పొట్టి అక్షరాల్లో అది నౌనో వెర్బో చెప్పే జాతి పేరు చదవరు. "ఫాస్ట్" దగ్గర అది చదివితే నాలుగూ కనిపిస్తాయి. మన స్టేషన్‌లో ఆగకుండా పోయే ఫాస్ట్ ట్రైన్, ఆ ట్రైన్ రన్స్ ఫాస్ట్, కార్తీక సోమవారం అమ్మ ఫాస్ట్స్, ఆవిడ చేసేది ఎ ఫాస్ట్. ఏది ఏ జాతో రాసి తెమ్మని ఇవాళ ఇంటికి పని ఇచ్చాను. పేరొక్కటే రాస్తే ఒప్పుకోను, ఎలా తెలిసిందో కూడా రాయాలి.