బీరువాలో ఉండిపోయిన లెక్కలు

ఉదయగిరి కొండల కింద పొలమున్న మా నాన్నగారి దగ్గర లైసెన్సు తుపాకీ ఒకటి ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పాత దుప్పటిలో చుట్టి స్టేషన్‌లో అప్పగించి, ఆ రసీదును పట్టాదారు పాసుపుస్తకంలో దాచుకునేవారు. లైసెన్సుదారుల సంఘానికి ఏటా చందా కూడా కట్టేవారు. 2019 చట్ట సవరణతో ఒకరు ఉంచుకోగల ఆయుధాల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గినప్పుడు, ఆ సంగతి సభ్యులకు వివరించే మనిషే సంఘంలో లేడు. సర్వసభ్య సమావేశం జరగక ఏళ్లయింది, లెక్కల పుస్తకం అధ్యక్షుడి ఇంటి బీరువాలో ఉండిపోయింది.

అమెరికాలో 1871లో పుట్టిన తుపాకీదారుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గురించి చదివినప్పుడు నాకు ఆ బీరువానే గుర్తొచ్చింది. 1991 నుంచి ఆ సంఘాన్ని నడిపిన వేన్ లాపియెర్ సంస్థ సొమ్మును ప్రైవేటు విమానాలకూ విలాసాలకూ వాడుకున్నారని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2020లో దావా వేశారు. మరుసటి ఏడు సంస్థ వేసిన దివాలా పిటిషన్‌ను, అది సదుద్దేశంతో వేసింది కాదంటూ కోర్టు తోసిపుచ్చింది. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయనను బాధ్యుడిగా తేల్చి, దాదాపు 43.5 లక్షల డాలర్లు తిరిగి కట్టాలని చెప్పింది.

అయితే నన్ను అన్నిటికన్నా బాధించింది, ఖర్చుల సంగతి ప్రశ్నించిన ఆ సంస్థ అధ్యక్షుడు ఆలివర్ నార్త్ 2019లో పదవి వదులుకోవలసి రావడం. నాన్నగారూ ఒకసారి లెక్క అడిగారు. ఆ తర్వాత ఆయన చందాను ఎవరూ తీసుకోలేదు.