అనంతపురంలో స్పార్క్లింగ్ వైన్: వేడుకల మధ్య రాసుకున్న రుచి నోట్సు

మా ఇంట్లో వేడుకలకు కొదవలేదు. సంక్రాంతి, ఉగాది, సీమంతం, కొత్తింట్లో పాలు పొంగించడం, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. ఆ సందడిలోనే స్పార్క్లింగ్ వైన్, అంటే బుడగలొచ్చే వైన్, రుచి చూడటం నేర్చుకుంటున్నా. గదిలో ఒక్కణ్ణే కూర్చుని గ్లాసు తిప్పితే తెలిసేది వేరు. చింతపండు పులుపు, ఎండుమిరప ఘాటు, కాగే నూనె వాసన చుట్టూ ఉన్నప్పుడు తెలిసేది వేరు. నాకు కావలసింది రెండోదే. ఇప్పటిదాకా నోటుబుక్కులో చేరినవాటిలో మీకు పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నా.

ముందు ఇంటి కట్టుబాటు. పూజ ఉన్న రోజు సీసా తెరవం. పండగ మర్నాడు, పొయ్యి మీద పొట్టేలు కూర ఉడికే సాయంత్రం తెరుస్తాం. 21 ఏళ్లు నిండనివాళ్లకూ, బండి నడపాల్సినవాళ్లకూ చీనీ (బత్తాయి) రసంలో సోడా కలిపి ఇస్తాం. జేజి మందు ముట్టదు. కానీ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటుంది.

సీసా దొరకడం

మా ఊరి షాపుల్లో బీరు, బ్రాందీ, విస్కీల నడుమ వైన్‌కు దక్కేది ఓ మూల. స్పార్క్లింగ్ కావాలంటే ముందే చెప్పి తెప్పించుకోవాలి. అలా నాకు చేతికందింది ఎక్కువగా నాసిక్ సరుకు: సులా బ్రూట్, షాండన్ బ్రూట్. బ్రూట్ అంటే తీపి బాగా తక్కువ ఉన్న రకం. షాండన్ ఫ్రెంచి కంపెనీదే అయినా, 2013 నుంచి మన దేశంలో అమ్ముతున్నది నాసిక్ దగ్గర దిండోరిలో తయారైనదే. స్పెయిన్ బుడగల వైన్ కావా, ఇటలీది ప్రొసెక్కో మాత్రం బెంగళూరులో తమ్ముడింటికి పోయినప్పుడు అక్కడే రుచి చూస్తా. రాష్ట్రం దాటించే మద్యం మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి సీసాలు ఇక్కడికి మోసుకురాను.

షాపులో నేను మొదట చూసేది ధర కాదు, సీసా ఉన్న చోటు. ఎండ పడే అద్దాల బీరువాలో నిలబెట్టిన సీసా వద్దంటాను. ఈ వైన్‌కు వెలుతురు, వేడి రెండూ పడవు. రంగులేని గాజు సీసా అయితే వెలుతురుకు ఇంకా తొందరగా పాడవుతుంది. మా వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. అందుకే నిల్వ పెట్టుకోను. వేడుకకు వారం ముందు తెచ్చి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, మంచం కింద చీకట్లో పెడతా. ఫ్రిజ్ మీదా, అటక మీదా పెట్టొద్దు. వేడంతా అక్కడే చేరుతుంది.

చల్లబరచడం

ఆరు నుంచి పది డిగ్రీల మధ్య ఉంటే రుచి నిలబడుతుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు పడుతుంది. పండగ రోజుల్లో ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెలు, పూలు, మిగిలిన పూర్ణం తప్ప ఇంకోదానికి చోటుండదు కాబట్టి నేను స్టీలు బకెట్‌నే నమ్ముకున్నా. సగం ఐసు, సగం నీళ్లు, రెండు గుప్పిళ్ల కల్లుప్పు. సీసా మెడ దాకా మునగాలి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చాలు. ఒట్టి ఐసు ముక్కలైతే సీసాకు అక్కడక్కడే తగులుతాయి, నీళ్లుంటే చల్లదనం చుట్టూ అంటుకుంటుంది. ఉప్పు ఆ నీటిని సున్నా కన్నా కిందికి దించుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. మరిచిపోతే లోపల గడ్డకట్టి సీసా పగిలే ప్రమాదం ఉంది.

తెరవడం

ఇది మా ఇంట్లో పెద్ద చర్చ. మామ అంటాడు, "ఢాం అనకుంటే యాడిది రా పండగ?" ఆయన మాట నాకర్థమవుతుంది. అయినా ఒప్పుకోను. సీసా లోపల ఐదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో గాలికి రెండింతల పైమాటే. చిన్నపిల్లలు చుట్టూ మూగే ఇంట్లో ఆ బిరడా ఎవరి కంటికి తగిలినా చూపు పోయే ప్రమాదం ఉంది. సీసాను ఊపి జనం మీద చిమ్మడమైతే నాకు బొత్తిగా నచ్చదు. నాసిక్‌లో రైతు పండించిన ద్రాక్ష, నెలల తరబడి సీసాలో పడుకున్న వైన్, గచ్చు మీద పారడానికి కాదు.

నేను చేసే పద్ధతి ఇది. రేకు ఒలిచి, బొటనవేలు బిరడా మీద అదిమిపెట్టి, దాన్ని బిగించి ఉన్న తీగ వదులు చేస్తా. ఆరు సగం తిప్పులకు అది వదులవుతుంది. అక్కడి నుంచి బిరడా మీద చెయ్యి తియ్యను. సీసాను ఏటవాలుగా, ఎవరూ లేని గోడ వైపు పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, బిరడాను కదలనివ్వకుండా సీసా అడుగు పట్టుకుని తిప్పుతా. 'ఉస్' అని చిన్న శబ్దం వస్తుంది. చుక్క పోదు. సీసా బాగా చల్లబడి ఉంటేనే ఇది కుదురుతుంది, వెచ్చగా ఉంటే ఎంత జాగ్రత్తపడ్డా పొంగుతుంది.

పోసేటప్పుడు గ్లాసు వంచి అంచు మీదుగా నెమ్మదిగా పోయాలి. ఫ్రాన్సులోని రీమ్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజే-బెలేర్ బృందం 2010లో కొలిచి చెప్పింది: వంచి పోస్తే గ్యాసు ఎక్కువగా నిలుస్తుంది, వైన్ చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ.

గ్లాసుల సంగతి రెండు ముక్కల్లో. సన్నని పొడుగు గ్లాసు చూడ్డానికి బాగుంటుంది కానీ వాసన సరిగా అందదు. మామూలు వైట్ వైన్ గ్లాసు మేలు. సబ్బు జిడ్డు మిగిలితే బుడగలు చచ్చిపోతాయి కాబట్టి వేడినీళ్లతో తొలిచి బోర్లించి ఆరబెడతా. 750 మిల్లీలీటర్ల సీసా మామూలుగా ఆరు గ్లాసులు. రుచికి 60 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే పన్నెండు మందికి వస్తుంది, మా ఇంటికి సరిపోతుంది.

వాసనలు

వైన్ పుస్తకాల్లో రాసే పండ్లు సగం మా ఊళ్లో దొరకవు. అందుకని ఒక పళ్లెంలో చీనీ తొక్క, నిమ్మ తొక్క, పచ్చి ఆపిల్ ముక్క, బేకరీ బన్ను, వేయించిన శెనక్కాయలు విడివిడిగా పెట్టి, ఒక్కోటి ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత గ్లాసు వాసన చూస్తున్నాం. మా అందరిలో వదిన ముక్కు చురుకు. బ్రూట్ గ్లాసు ఎత్తగానే "పులిసిన దోసెపిండి లేదూ?" అంది. సరిగ్గా అదే. ఈ వైన్‌కు రెండోసారి పులియబెట్టడం సీసాలోనే జరుగుతుంది. ఈస్టు చక్కెరను తిని గ్యాసు వదులుతుంది, బయటికి దారిలేక ఆ గ్యాసు వైన్‌లో కరిగిపోతుంది. పని అయిపోయిన ఈస్టు మడ్డిగా అడుగు చేరి నెలల తరబడి అక్కడే ఉండటంతో ఆ పిండి, బన్ను వాసనలు వస్తాయి. కావాకు సీసాలో కనీసం 9 నెలలు, షాంపేన్‌కు మొత్తం 15 నెలలు ఉండాలని నియమం. ప్రొసెక్కో ఎక్కువగా పెద్ద స్టీలు ట్యాంకుల్లో బుడగ కడుతుంది కాబట్టి అందులో బన్ను కన్నా పండ్ల వాసనే ముందుంటుంది.

ఆ మడ్డి తీసే పద్ధతి చెబుతుంటే జేజి చెవి ఇటు పడేసింది. ఫ్రాన్సులో 1805లో భర్త చనిపోయాక క్లికో అనే ఆమె 27 ఏళ్లకే షాంపేన్ వ్యాపారం భుజాన వేసుకుందని, సీసాలను చెక్కబల్ల రంధ్రాల్లో తలకిందులుగా గుచ్చి రోజూ కొంచెం తిప్పుతూ మడ్డిని మూత దగ్గరికి చేర్చే పద్ధతి 1810ల్లో ఆమె దగ్గరే రూపుదిద్దుకుందని చెప్పా. "ఆయమ్మ ఒక్కతే అంతా నడిపిందా?" అని జేజి మళ్లీ మళ్లీ అడిగింది. ఆ సాయంత్రం వైన్ కన్నా ఈ కథే ఎక్కువసేపు నడిచింది.

తిండి పక్కన

నోటుబుక్కులో ఎక్కువ పేజీలు దీనికే పోయాయి. నేను తేల్చుకున్నది ఒకటే: మన రాయలసీమ భోజనం దగ్గర బ్రాండు కన్నా తీపి మోతాదు ముఖ్యం. అది లేబుల్ మీదే ఉంటుంది. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ఎక్స్‌ట్రా డ్రై పేరుకే డ్రై (తీపి లేనిది), 12 నుంచి 17 గ్రాములు, అంటే బ్రూట్ కన్నా తీపి. డెమి-సెక్ 32 నుంచి 50.

బ్రూట్‌కు అన్నిటికన్నా బాగా కుదిరింది అలసంద వడలు. వేడి నూనె నాలుకకు పట్టిన చోట ఆ పులుపు, బుడగలు కడిగేస్తాయి. వడలోని ఉప్పు వైన్ పులుపును మెత్తబరుస్తుంది. ఒక వడ, ఒక గుక్క, మళ్లీ వడ. వేయించిన శెనక్కాయలు కూడా అంతే బాగుంటాయి, సీసాలో పులిసిన వైన్‌లోని మాగిన వాసనకు అవి తోడు. ఉగ్గానిలో పిండిన నిమ్మరసానికి కూడా బ్రూట్ సరిజోడు, పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే.

పొట్టేలు కూర దగ్గర బ్రూట్ ఓడిపోతుంది. కారం తిన్న నోట్లో బుడగల చురుకు మంటను ఎగదోస్తుంది, ఆల్కహాల్ కూడా దానికి తోడవుతుంది. చిన్నాయన ఒక్క గుక్కకే మజ్జిగ అడిగాడు. కారం కూర తప్పదంటే కాస్త తీపి ఉన్నది తీసుకోండి, లేదా వైన్‌ను కూరకు ముందే, వడలతోనే ముగించండి. మేం రెండోది చేస్తున్నాం.

ఓళిగతో బ్రూట్ అస్సలు వద్దు. బెల్లం పూర్ణం తిన్నాక అదే వైన్ పుల్లటి నీళ్లలా తగులుతుంది. వైన్ కనీసం తిండి అంత తీపిగా ఉండాలన్నది ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం. బెంగళూరులో డెమి-సెక్ పక్కన నెయ్యి వేసిన ఓళిగ తిని చూశాం. బాగుంది, అయినా బెల్లానిదే పైచేయి.

షుగర్ ఉన్న పెద్దమ్మ అడిగింది కాబట్టి లెక్క చెప్పా: 125 మిల్లీలీటర్ల బ్రూట్ గ్లాసులో ఒకటిన్నర గ్రాములకు మించి చక్కెర ఉండదు. కానీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఆల్కహాల్ సంగతి వేరే. డాక్టరును అడిగాకే అని ఆపేశా.

మిగిలితే

సీసా మూతికి స్పూను వేలాడదీయడం దండగ, దాంతో గ్యాసు ఆగదు. రెండు వైపులా కొక్కేలు బిగించే స్టాపరు కొని ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి కూడా బుడగ ఉంటుంది.

దీపావళి మర్నాడు సులా, షాండన్ రెండిటినీ న్యూస్‌పేపరు చుట్టి, ఏది ఏదో తెలియకుండా పక్కపక్కనే పోసి చూడాలనుకుంటున్నా. తిండి మారకూడదు కాబట్టి అలసంద వడలే. వదినతో విడిగా రాయించి, తర్వాత నా నోట్సుతో పోల్చుకుంటా. షాపులో ఇప్పుడే చెప్పిపెట్టాలి.