మావయ్యగారు, అలాస్కా, అరవై మైళ్ళ కంకర రోడ్డు

మావయ్యగారు ఆర్ అండ్ బీలో డీఈగా చేసి రిటైరయ్యారు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఆయన ముందు చూసేది రోడ్డునే, కొండలూ జలపాతాలూ ఆ తర్వాత. కిందటి వేసవిలో ఆయనా అత్తయ్యగారూ కాకినాడ నుంచి డల్లాస్ వచ్చి, ఇక్కడి ఎండకి బయట కాలు పెట్టలేక టీవీ ముందు కూర్చుని విసిగిపోతుంటే, మా ఆయన ఉన్నట్టుండి అలాస్కా వెళ్దాం అన్నారు. పెద్దవాళ్ళతో, పిల్లలతో, అదీ కారులో! ఫ్రెండ్స్ అందరూ హాయిగా క్రూజ్ ఎక్కండి అన్నారు. క్రూజ్ మంచిదే, కాదనను, కానీ ఓడ ఎక్కిస్తే మావయ్యగారికి చూసుకోడానికి రోడ్డేదీ?

జూన్ చివర్లో ఆంకరేజ్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి 11:40 ప్రాంతంలో. ఈ సంగతి తెలిసే వెళ్ళాం గానీ అత్తయ్యగారి సంధ్యాదీపం గురించి ఎవరికీ తట్టలేదు. ఆవిడ ఆరున్నరకి కాళ్ళూ చేతులూ కడుక్కుని చూస్తే బయట ఎండ కాస్తోంది, ఎనిమిదికీ అంతే, తొమ్మిదిన్నరకీ అంతే. చివరికి విసుగొచ్చి "కాకినాడ టైముకే పెట్టేస్తాను, దేవుడు అక్కడే ఉన్నాడుగా" అన్నారు. అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే అలాస్కాలో తెల్లవారుజామున అయిదు. ట్రిప్ అంతా ఆవిడ తెల్లారగట్లే లేచి, మా నిద్ర చెడగొట్టకుండా, బ్యాటరీ దీపంతో సంధ్యాదీపం పెట్టుకున్నారు.

డెనాలీ గురించి ఎక్కువ రాయను. 20,310 అడుగుల కొండ, ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తయినది, వచ్చినవాళ్ళలో పదిమందికి ముగ్గురికే మబ్బులు తొలగి కనిపిస్తుందంటారు, మేం మిగతా ఏడుగురిలో ఉన్నాం. పార్కు లోపలి రోడ్డు 92 మైళ్ళు. సొంత కారు 15వ మైలు దాకానే, అక్కణ్ణించి బస్సు ఎక్కాలి, ఆ బస్సు కూడా 43వ మైలు దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే ఆపైన ప్రెట్టీ రాక్స్ అనేచోట రోడ్డు కింద మంచు ఉంది, అది కరిగి కొండచరియ రోడ్డునేసుకుని కిందికి జారుతోంది. ఒకప్పుడు ఏడాదికి కొన్ని అంగుళాలు జారేదట, 2019కి రోజుకి అంగుళాలైంది, 2021లో గంటకి అరంగుళం దాటింది. ఆ ఆగస్టులో రోడ్డు మూసేశారు, తర్వాత అక్కడ వంతెన కట్టడం మొదలుపెట్టారు. బస్సులో అందరూ ఎలుగుబంటి కోసం కిటికీలకి అతుక్కుపోతే మావయ్యగారు డ్రైవర్ని ఆ వంతెన పునాదులు ఎంత లోతు అని అడిగారు. ఎలుగుబంట్లు కనిపించాయి లెండి, తల్లీ, రెండు పిల్లలూ, చాలా దూరంగా.

అసలు ట్రిప్ గ్లెన్ హైవే ఎక్కాక మొదలైంది. పామర్ దాటాక ఒక పక్క మటనుస్కా నది, ఇంకో పక్క కొండలు, కాసేపటికి ఆ నదికి నీళ్ళిచ్చే గ్లేసియర్ (మంచునది) కారులోంచే కనిపిస్తుంది, టికెట్ కూడా అక్కర్లేదు. గ్లెన్నాలెన్ దగ్గరికొచ్చేసరికి తారు రోడ్డు పైకీ కిందికీ ఊగుతున్నట్టు తయారైంది, వెనక సీట్లో పిల్లలకి భలే సరదా, అత్తయ్యగారికి కడుపులో తిప్పడం. "కాంట్రాక్టర్ తినేశాడు" అన్నారు మా ఆయన. "కాదురా" అని మావయ్యగారు అందుకున్నారు, అరగంట క్లాసు. కింద ఏడాది పొడవునా గడ్డకట్టే ఉండే నేల, పర్మాఫ్రాస్ట్. పైన నల్లటి తారు పోస్తే ఎండని పీల్చుకుని ఆ నేలని కరిగిస్తుంది, కరిగినచోట రోడ్డు కూలబడుతుంది, ఏటా బాగుచేస్తారు, మళ్ళీ కుంగుతుంది.

ఆ పర్మాఫ్రాస్ట్‌నే చమురు పైప్‌లైన్ వాళ్ళు ఎలా మేనేజ్ చేశారో రిచర్డ్‌సన్ హైవే మీద చూశాం. ఉత్తరాన ప్రూడో బే నుంచి దక్షిణాన వాల్డీజ్ రేవు దాకా 800 మైళ్ళు, 48 అంగుళాల గొట్టం, 1977 నుంచి చమురు పారుతోంది. పాతితే లోపలి వేడికి నేల కరిగిపోతుందని సగానికి పైగా స్తంభాల మీద లేపి కట్టారు. అలాంటి చాలా స్తంభాల నెత్తిన రేకుల పిలకలు ఉంటాయి. స్తంభం లోపలుండే గొట్టంలో అమ్మోనియా. చలికాలంలో అది అడుగునున్న నేల వేడిని పీల్చుకుని ఆవిరై పైకి వస్తుంది, రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ ద్రవమై కిందికి దిగుతుంది, అలా నేలని గడ్డకట్టే ఉంచుతుంది. "కరెంటు లేదు, మోటారు లేదు, వాచ్‌మన్ లేడు!" అని మావయ్యగారు స్తంభాన్ని అటూ ఇటూ తిరిగి చూసి, డెనాలీ కనిపించనందుకు మేం పడ్డ బాధంతా అనవసరం అన్నట్టు మొహం పెట్టారు.

చిటినా ఊరు దాటితే మెకార్తీ రోడ్డు. 60 మైళ్ళ కంకర, ఒకప్పటి రాగి గనుల రైలు కట్ట మీద వేసింది. 1938లో గని మూతపడి రైలు ఆగిపోయింది గానీ పట్టాల మేకులు ఇప్పటికీ మట్టిలోంచి పైకి తేలుతుంటాయి. మా ముందు వెళ్ళిన వ్యాన్‌కి అలాగే పంక్చర్ పడితే మావయ్యగారు దిగి, స్టెప్నీ మార్చేదాకా పక్కనుండి సూచనలిచ్చారు, తెలుగింగ్లీషులో, వాళ్ళకి బాగానే అర్థమైంది. తర్వాత కుస్కులానా వంతెన. 1910లో కట్టింది, ఒక్క కారే పడుతుంది, కింద నది 238 అడుగుల లోతులో. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా. మావయ్యగారు కారు దిగిపోయి రివెట్లు తడిమి చూస్తూ నడిచి వచ్చారు. అరవై మైళ్ళకి మాకు మూడు గంటలు పైనే పట్టింది.

ఇదంతా రాంగెల్ సెయింట్ ఎలియాస్ నేషనల్ పార్కు, తెలంగాణలో దాదాపు సగం ఉంటుంది, లోపలికి వెళ్ళే రోడ్లు మాత్రం రెండే. మెకార్తీ రోడ్డు నది ఒడ్డున ఆగిపోతుంది, కాలినడక వంతెన దాటి వ్యాన్ ఎక్కితే ఆ పాత రాగి గనుల ఊరు, కెన్నెకాట్. కొండవాలున మెట్లుమెట్లుగా 14 అంతస్తుల ఎర్రటి రాగి మిల్లు, చెక్కతో కట్టింది. దాని ముందు నిలబడి కిందికి చూస్తే కనుచూపు మేర బూడిదరంగు రాళ్ళ గుట్టలు. "తవ్విన మట్టంతా ఇక్కడే పోసి పోయారన్నమాట, మనవాళ్ళే నయం" అన్నారు మావయ్యగారు. పక్కనున్న రేంజర్ నవ్వి, అది మట్టి కాదు, గ్లేసియర్, పైన రాళ్ళు పరుచుకున్నాయంతే అన్నాడు. బైనాక్యులర్స్‌లో చూస్తే నిజమే, గుట్ట తెగినచోట తడిగా మెరుస్తూ నల్లటి మంచు, దాని మీంచి గులకరాళ్ళు ఒక్కొక్కటే జారి కింది మడుగులో పడుతున్నాయి. ఆయన అక్కణ్ణించి గంటసేపు కదల్లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. చాలా అద్దె కార్ల వాళ్ళు కంకర రోడ్డు ఎక్కొద్దంటారు, అగ్రిమెంట్ చదివి, ఒప్పుకునేవాళ్ళ దగ్గరే తీసుకోండి, ఫుల్ సైజు స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి. ట్యాంకు గ్లెన్నాలెన్‌లో నింపేయండి. పెద్దవాళ్ళ మాత్రలు ఒక వారానికి ఎక్కువే పెట్టుకోండి, మెకార్తీ నుంచి ఆంకరేజ్ ఏడెనిమిది గంటల దూరం. ఆవకాయ, పులిహోర, వాసన వచ్చేది ఏదైనా క్యాబిన్ బయట పెట్టకండి, ఎలుగుబంటి వస్తుంది. దోమల మందు ఆంకరేజ్‌లోనే కొనండి. "కాకినాడ వాళ్ళం, దోమలు మాకో లెక్కా" అని అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు, మర్నాడు ఆవిడే అడిగి మరీ రాసుకున్నారు.